క్రీడాకారులు ఫిట్‌నెస్ శిక్షకులుగా మారాలంటే

చిన్ననాటి నుంచి ఆటలోనే పెరిగినవారు ఫిట్‌నెస్ శిక్షకులు కావాలనుకున్నప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు ఒంటికి సంబంధించినది కాదు, మాటకు సంబంధించినది. ఏళ్ల సాధనతో అలవడిన కదలికలు ఆలోచించే పని లేకుండానే సాగిపోతాయి కాబట్టి, వాటిని ఎన్నడూ చేయని మనిషికి విడమరచి చెప్పవలసి వచ్చేసరికి మాటలు దొరకవు. అందుకే రోజూ చేసే నాలుగైదు వ్యాయామాలను ఎంచుకుని, ఒక్కొక్కదాన్ని ఏమాత్రం అనుభవం లేని స్నేహితుడికి నేర్పడంతో ఈ ప్రయాణం మొదలుపెట్టడం మంచిది.

ఉదాహరణకు మోకాళ్లు వంచి కిందికి దిగి లేచే స్క్వాట్‌నే తీసుకోండి. "వెన్ను నిటారుగా ఉంచి కిందికి దిగండి" అంటే కొత్తవారి మడమలు పైకి లేస్తాయి, మోకాళ్లు లోపలికి వాలిపోతాయి. అప్పుడు మళ్లీ మళ్లీ చేసి చూపించడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు. వారి వెనుక ఒక కుర్చీ వేసి, అందులో కూర్చోబోతున్నట్టు తుంటిని వెనక్కి జరపమని, మోకాళ్లను కాలివేళ్ల దిశలోనే ఉంచమని, కుర్చీ తగలగానే మడమలతో నేలను నొక్కుతూ లేవమని చెబితే, చాలామందికి కదలిక కొద్దిసేపట్లోనే కుదురుతుంది. ఒకసారికి ఒక్క సూచనే ఇవ్వాలి. మూడు కలిపి చెబితే ఒక్కటీ గుర్తుండదు.

ఇక చదువు సంగతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వంటి సంస్థల వ్యక్తిగత శిక్షకుల పరీక్షకు 18 ఏళ్లు నిండి ఉండాలి, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) శిక్షణ పొందిన ధ్రువపత్రం కూడా ఉండాలి. శరీర నిర్మాణం, కండరాల పనితీరు, వ్యాయామ ప్రణాళిక ఇందులో ముఖ్యమైన పాఠాలు. ఆటలో పేరున్నంత మాత్రాన వీటిని దాటవేయడం తగదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మన ఒంటికి సరిపోయిన పద్ధతి ఎదుటివారికి ఎందుకు సరిపడదో చెప్పేవి ఈ పాఠాలే.

అన్నింటికన్నా కష్టమైనది కొలమానాన్ని మార్చుకోవడం. నొప్పిని ఓర్చుకుని ముందుకు సాగడం క్రీడాకారుడికి అలవాటు, కానీ శిక్షణకు వచ్చినవారు నొప్పి అన్న క్షణంలోనే ఆపించాలి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు రెండు పూటలా సాధన చేసినవారికి ఇది స్వల్పంగా తోచినా, కదలకుండా గడిపినవారు అక్కడికి చేరడానికే నెలలు పట్టవచ్చు. శ్రమ చేస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థాయి శ్రమ అని గుర్తించవచ్చు.

తొలి తరగతికి ముందే ప్రతి ఒక్కరినీ గుండె జబ్బు, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, వాడుతున్న మందులు, పాత గాయాల గురించి అడిగి రాసిపెట్టుకోవాలి. వీటిలో అనుమానం కలిగించేది ఏదైనా కనబడితే, వైద్యుల సలహా తీసుకుని వచ్చేదాకా వ్యాయామం మొదలుపెట్టించకూడదు.