మిరప నారు తల వాల్చిందా? ముందు ఆ మగ్గు పక్కన పెట్టండి

జులైలో మిరప నారు పోసుకున్న మిద్దె తోటల వాళ్ళందరికీ దాదాపు ఒకటే టెన్షన్. గింజ వేసిన 8, 10 రోజులకి ముచ్చటగా మొలకలొస్తాయి, రెండు వారాలు బాగానే ఉంటాయి, ఆ తర్వాత ఒక రోజు పొద్దున్నే చూస్తే అన్నీ తల వాల్చేసి ఉంటాయి. అయ్యో, నీళ్ళు చాల్లేదేమో అని ఇంకో మగ్గు పోస్తాం. సాయంత్రానికి ఇంకా వాలిపోతాయి. మళ్ళీ పోస్తాం. బతకాల్సిన నారు కూడా అక్కడే పోతుంది.

మా ఇంట్లో ఇంకొంచెం ఘోరం. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు బాల్కనీ, వరంగల్ నుంచి మా పిన్ని పంపిన చపాటా మిర్చి గింజలు (టమాటాలా బొద్దుగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ, 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కూడా), ఒక ప్రోట్రే (నారు పోసుకునే చిన్న గుంటల ట్రే), ఓ ఇరవై డిస్పోజబుల్ గ్లాసులు. పొద్దున ఆఫీసుకెళ్ళే ముందు నేను నీళ్ళు పోసేవాణ్ణి. నేను పోశానని తెలియక పదకొండింటికి మా ఆవిడ పోసేది. పది రోజులు ఇలాగే నడిచింది, పైన ముసురు. వీడియో కాల్‌లో గ్లాసులు చూపిస్తే పిన్ని అడిగిన మొదటి మాట, "ఏరా, నారు పోశావా, దానికి ఈత నేర్పిస్తున్నావా?" అని.

అసలు జరిగేది ఏంటంటే, వేరుకి నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటేనే వేరు ఊపిరి పీల్చుకుని పని చేస్తుంది. సందులన్నీ నీళ్ళతో నిండిపోతే ఆక్సిజన్ లోపలికి చేరదు, ఎందుకంటే అది నీళ్ళలో కదిలే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. ఊపిరాడని వేరు నీళ్ళు పీల్చలేదు. అందుకే చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతో వాడినట్టే కనిపిస్తుంది, మనం మోసపోయేది కూడా అక్కడే. మిరపకైతే ఈ బాధ మరీ ఎక్కువ, దాని వేళ్ళు లోతుగా పోవు, నీళ్ళు నిలిస్తే తట్టుకోలేదు. ఊళ్ళో రైతులు నారుమడిని నేల మట్టానికి ఓ జానెడు ఎత్తులో కట్టేది ఇందుకే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, వాడింది నీళ్ళెక్కువయ్యా, తక్కువయ్యా అని. దీన్ని మధ్యాహ్నం చూడకండి, ఎండకి ఏ నారైనా కాస్త వాలుతుంది, సాయంత్రానికి లేస్తుంది, అది జబ్బు కాదు. పొద్దున ఏడింటికి చూడండి. రాత్రంతా చల్లగా ఉన్నా లేవకపోతే అప్పుడు అనుమానించాలి. తర్వాత గ్లాసు చేత్తో ఎత్తండి. తేలిగ్గా, ఖాళీ గ్లాసులా ఉంటే దాహమే, నీళ్ళు పోయండి, గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది, ఇక్కడితో మీకు ఈ వ్యాసంతో పని లేదు. బరువుగా ఉండి కూడా ఆకులు వాలి ఉంటే నీళ్ళెక్కువైనట్టే. ఆకుని వేళ్ళ మధ్య పట్టుకున్నా తేడా తెలుస్తుంది: దాహమేసిన ఆకు పల్చగా, నీరసంగా, కాగితంలా ఉంటుంది, నీళ్ళెక్కువైన ఆకు చాలాసార్లు కాస్త దళసరిగా ఉండి కాడ దగ్గర్నుంచే కిందికి వంగుతుంది. అడుగున ఉన్న బీజదళాలు, అంటే మొలకెత్తగానే వచ్చే ఆ మొదటి రెండు ఆకులు, ముందుగా పసుపెక్కుతాయి. మట్టి మీద ఆకుపచ్చ పాచి పట్టి ఉంటే ఇంక చెప్పేదేముంది.

మట్టికి బదులు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. పైన అర అంగుళం ఎండి లేత గోధుమరంగుకి వచ్చేస్తుంది, చూస్తే ఎడారిలా ఉంటుంది, లోపల మాత్రం పిండితే నీళ్ళు కారతాయి. రంగు చూసి పోయొద్దు. వేలు పెట్టి చూడండి, ప్రోట్రే గుంటలో వేలు పట్టకపోతే చీపురు పుల్ల గుచ్చి తీయండి, పుల్లకి తడి అంటుకుని ముదురు రంగులో వస్తే ఇంకా సమయముంది.

అనుమానం తీరకపోతే ఒక మొక్కని బయటికి తీసి వేరు చూడటమే మంచిది, ఒకటి పోయినా పర్వాలేదు. ప్రోట్రే అయితే కింద రంధ్రంలోంచి పెన్సిల్‌తో మెల్లగా పైకి నెట్టండి, మట్టితో సహా వస్తుంది. కాండం పట్టుకుని లాగొద్దు, అది నలిగితే మొక్క తేరుకోదు. ఆకు పట్టుకోండి, ఆకు తెగినా ఇంకోటి వస్తుంది. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉంటే మీరు అదృష్టవంతులు, నారు ఇంకా చేయి దాటలేదు. నేను తీసిన మొదటి మొక్క వేళ్ళు టీ రంగులో ఉన్నాయి, రెండు వేళ్ళతో మెల్లగా లాగితే పైతోలు చొక్కా చేతిలా జారిపోయి లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలింది, వాసన చూస్తే మురిగిన కొబ్బరిపీచు. అది కుళ్ళు. అదే ట్రేలో పక్క వరసలో ఉన్నవి తెల్లగానే ఉన్నాయి మరి, కాబట్టి ఒకటి చూసి మొత్తం పారేయకండి.

ఇంకో రకం ఉంది, దాన్ని గుర్తుపట్టడం ముఖ్యం. మొలక మట్టిని తాకే చోట కాండం నీళ్ళలో నానినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి, మొక్క అక్కడికక్కడే పక్కకి పడిపోతుంది. అది నారుకుళ్ళు తెగులు. పితియం, రైజోక్టోనియా లాంటి బూజు జాతి సూక్ష్మజీవులు తడి మట్టిలో రెచ్చిపోవడం వల్ల వస్తుంది. పడిన మొక్క మళ్ళీ లేవదు, నిలబెట్టి పుల్ల కట్టే ప్రయత్నాలు వద్దు. ఆ మట్టితో సహా తీసి బయట పారేయండి, కంపోస్టు డబ్బాలో కాదు. ఒకటి పడిందంటే రెండు రోజుల్లో చుట్టూ నాలుగు పడతాయి, అక్కడ మాత్రం ఆలస్యం చేయకూడదు.

సరే, మిగిలిన వాటి సంగతి. నీళ్ళు ఆపడం ఎలాగూ ఉంది, దానితో పాటు చాలామంది చేసే తప్పు, త్వరగా ఆరుతుందని తీసుకెళ్ళి ఎండలో పెట్టడం. వద్దు. వేరు పని చేయనప్పుడు ఎండ తగిలితే ఆకులోంచి నీరు పోతూనే ఉంటుంది, కింద నుంచి అందదు, మధ్యాహ్నానికి మాడిపోతుంది. వెలుతురు బాగా ఉండే నీడలో పెట్టండి, పొద్దుటి లేత ఎండ పడినా పర్వాలేదు. గాలి ఆడాలి, అది వెలుతురు కంటే ముఖ్యం. ముసురు రోజుల్లో బాల్కనీలో గాలి కదలకపోతే టేబుల్ ఫ్యాన్‌ని ఐదారు అడుగుల దూరంలో, తక్కువ స్పీడులో, ఆకులు కొంచెం కదిలేంత మాత్రం పెట్టండి. మూతలూ, పాలిథిన్ కవర్లూ కప్పి ఉంటే తీసేయండి, మొలకెత్తాక వాటి పని అయిపోయింది.

ఇప్పుడు లోపలి నీళ్ళు బయటికి లాగాలి. రంధ్రాల్లోంచి కారడం ఆగిపోయింది కదా అని నీళ్ళన్నీ పోయాయనుకోకండి. ఏ కుండీలోనైనా అడుగున కొంత మందాన ఒక తడి పొర నిలిచిపోతుంది, అది తన బరువుకి తను కిందికి రాదు. ప్రోట్రే గుంట లోతే తక్కువ కాబట్టి అందులో ఈ పొర సగం దాకా ఉండొచ్చు. అడుగున గులకరాళ్ళూ, పెంకులూ వేస్తే నీళ్ళు దిగిపోతాయని మనందరం విన్నదే, దాంతో లాభం లేదు, ఆ తడి పొర రాళ్ళ మీదికి జరుగుతుంది, అంటే వేరుకి ఇంకా దగ్గరవుతుంది. ఆ నీటిని బయటికి రప్పించాలంటే తడి పీల్చే గుడ్డ ఒకటి అడుగున తగలాలి. పాత నూలు పంచె గానీ లుంగీ గానీ నాలుగు మడతలు వేసి పరిచి, దాని మీద ట్రేని గట్టిగా ఆనించి పెట్టండి, గుంటల అడుగు మట్టి గుడ్డకి తగలాలి. అరగంటలో గుడ్డ తడిసి ముద్దవుతుంది, పిండి మళ్ళీ పరవండి. న్యూస్‌పేపర్ దొంతర కూడా పని చేస్తుంది, కాకపోతే ఎక్కువ కాగితాలు అవుతాయి. మా ట్రే కింద నుంచి మొదటిసారి తీసిన పంచె పిండితే టీ గ్లాసుడు నీళ్ళు వచ్చాయి, నాలుగో మార్పుకి గానీ తగ్గలేదు. విడి గ్లాసుల్నైతే ఓ పావుగంట గోడకి ఏటవాలుగా వాల్చి పెట్టినా ఇంకొంచెం దిగుతుంది, వాలులో ఆ పొర ఒక మూలకి చేరి కారిపోతుంది.

డిస్పోజబుల్ గ్లాసుకి కింద ఒకే ఒక్క చిల్లు పెట్టి ఉంటే, అది కోకోపీట్‌తో పూడిపోయి ఉంటుంది. కాల్చిన దబ్బనంతో అడుగున నాలుగైదు, అడుగుకి అంగుళం పైన పక్కల్లో మూడు నాలుగు పెట్టండి. పక్క చిల్లుల్లోంచి గాలి లోపలికి పోతుంది. పైన అట్టకట్టిన మట్టిని, పాచిని చీపురు పుల్లతో గీకి తీసేయండి, లోతుగా కెలకొద్దు.

మరీ బురదగా ఉండి, రెండు రోజులైనా బరువు తగ్గకపోతే మట్టి మార్చడమే మార్గం. కోకోపీట్ ఒక వంతు, వర్మీకంపోస్టు అర వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) గానీ కడిగిన ముతక ఇసుక గానీ ఒక వంతు. పెర్లైట్ ఖరీదనుకుంటే సగం కాలిన వరి ఊక చక్కగా పని చేస్తుంది, రైస్ మిల్లు దగ్గర దొరుకుతుంది. మిశ్రమం పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. కొత్త గ్లాసు పాతదాని సైజులోనే ఉండాలి. పాపం ఇరుకుగా ఉందని పెద్ద కుండీలోకి మార్చేవాళ్ళు చాలామంది, చిన్న వేరుకి అంత మట్టి ఇస్తే అందులో నీళ్ళు తాగేవాళ్ళెవరూ ఉండరు, వారం దాకా ఆరదు, మళ్ళీ మొదటికొస్తాం. మార్చాక కుండెడు నీళ్ళు పోసే అలవాటు కూడా ఈసారికి వద్దు, మిశ్రమంలో ఉన్న తడి చాలు.

ఆకు పసుపెక్కింది కదా అని యూరియా, డీఏపీ, 19-19-19, జీవామృతం, ఏ ఎరువూ పోయకండి. మట్టిలో పోషకాలు ఉన్నాయి, పీల్చలేకపోతున్నది వేరు. జ్వరమొచ్చిన పిల్లాడికి బిర్యానీ పెట్టినట్టుంటుంది. కొత్త ఆకు పచ్చగా విచ్చుకున్నాక 19-19-19 లీటరుకి ఒక గ్రాము కలిపి పోస్తే సరిపోతుంది.

మందు సంగతికొస్తే, వాలిన ప్రతి నారుకీ మందక్కర్లేదు. కాండం సన్నబడి పడిపోతున్న మొక్కలు కనిపిస్తేనే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్ళ దగ్గర పోయండి. మళ్ళీ తడే కదా అంటారు, నిజమే, అందుకే ముందు నీళ్ళు లాగేశాక, మొదలు తడిసేంత మాత్రమే. చేతికి గ్లౌజులు, పిల్లలకి దూరం. ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు శిలీంధ్రం) వాడాలనుకుంటే మంచిదే, కానీ రెండూ ఒకేసారి వద్దు, కాపర్ మందు ట్రైకోడెర్మాని కూడా దెబ్బతీస్తుంది. పుల్లటి మజ్జిగ, పసుపు నీళ్ళు చల్లమని సలహాలొస్తాయి. చల్లితే ఆకుల మీద ఇంకో తడి, నేనైతే ఈ దశలో ముట్టుకోను.

తడి మట్టి మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే వాటి పిల్ల పురుగులు పై అంగుళం మట్టిలో లేత వేళ్ళు కొరుకుతున్నట్టు. పసుపు జిగురు అట్ట ఒకటి పక్కన పెట్టండి, పైమట్టి ఆరితే అవే తగ్గుతాయి.

ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, వేళ్ళు తెల్లగా ఉన్నవి మూడు నాలుగు రోజుల్లో తలెత్తుతాయి. వేళ్ళు కొంత పోయినవి వారం, పది రోజులు అలాగే మొండికేసి కూర్చుంటాయి, పెరగవు, చావవు. ఆ రోజులే కష్టం, చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి పోయాలనిపిస్తుంది. పసుపెక్కిన ఆకు మళ్ళీ పచ్చబడదు, దాన్ని చూసి బెంగపడకండి, నడిమి చిగురు చూడండి. అక్కడ బియ్యపు గింజంత కొత్త ఆకు కనబడితే వేరు పని మొదలుపెట్టిందన్నమాట.

తర్వాతి నీళ్ళు ఎప్పుడన్నది బరువే చెప్పాలి. నేను వంటింటి త్రాసు తెచ్చుకున్నాను. మా గ్లాసు బాగా తడిసి, కారడం ఆగాక 180 గ్రాములు, మొక్క వాడిపోవడానికి ఒక రోజు ముందు 100 గ్రాములు తూగుతోంది. 110కి వచ్చినప్పుడు పోస్తున్నాను, నాలుగు రోజులు చూశాక త్రాసు అక్కర్లేదు, చేతికే తెలిసిపోతుంది. పోసినప్పుడు మాత్రం సరిగ్గా పోయండి, కింద నుంచి కారేదాకా, పొద్దున పూట. రోజూ రెండు చెంచాలు, మూడు చెంచాలు చిలకరించడం పనికిరాదు, పైన ఎప్పుడూ తడి, పాచి, ఈగలు. నీళ్ళెక్కువవడమంటే ఒకసారి ఎక్కువ పోయడం కాదు, మాటిమాటికీ పోయడం.

ఇలా దెబ్బతిన్న నారు వయసు ప్రకారం నాటడానికి రాదు. మామూలుగా 35 నుంచి 45 రోజుల నారు నాటతారు, మాది 52వ రోజుకి గానీ ఐదారు నిజమైన ఆకులు వేయలేదు. ట్రేలో, గ్లాసుల్లో కలిపి 60 మొలకల్లో 41 మిగిలాయి. ఇప్పుడు బాల్కనీ తలుపుకి ఒక సుద్దముక్క వేలాడుతోంది, నీళ్ళు పోసినవాళ్ళు గోడ మీద తేదీ వేయాలి. మొన్న పిన్ని వచ్చినప్పుడు ఆ తేదీల వరస చూసి, ఇది పాల లెక్కా అని అడిగింది.