పిలిస్తే రాని కుక్కపిల్ల: సమస్య, పరిష్కారం

బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే చాలు, వెనక గదిలోంచి దూసుకొస్తుంది. "రా" అని పిలిస్తే మాత్రం తల తిప్పి చూసి అక్కడే నిలబడుతుంది. మీరు ఇంకో అడుగు వేస్తే సోఫా కిందికి దూరుతుంది. నా దగ్గరికి కుక్కపిల్లల్ని తెచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఇదే. "మహా మొండిది" అని కూడా కలుపుతారు. మూడు నాలుగు నెలల పిల్లలో మొండితనం నాకైతే ఎప్పుడూ కనిపించలేదు. కారణం ఇంట్లోనే దొరుకుతుంది.

ముందు గిన్నె చూడండి

పొద్దున పెట్టిన పెరుగన్నం మధ్యాహ్నం దాకా మూలన అలాగే ఉందా? అయితే ఇంకేమీ వెతక్కండి. కడుపు నిండిన పిల్లకి మీ చేతిలో ముక్కతో పనేముంది? ఏ ఇంటికి వెళ్లినా మొదట ఇదే అడుగుతాను. "అది కాదులెండి, ఇంకేదో ఉంది" అంటారు. గిన్నె తీయించాక సగం ఇళ్లలో ఆ ఇంకేదో కనిపించదు. దయచేసి దీన్ని దాటేయకండి. మూడు నెలల పిల్లకి రోజుకి మూడు నాలుగు పూటలుగా పెట్టండి, పావుగంటలో తిననిది తీసేయండి. పూటకి కాస్త ముందు, ఒంటికి వెళ్లొచ్చాక, ఐదు నిమిషాలు నేర్పండి, చాలు. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోతాయి. కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఏం చెప్పినా ఎక్కదు.

ముక్క శనగగింజంత ఉంటే సరిపోతుంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ మంచిది. మాంసం వండని ఇళ్లలో పనీరో, ఉడికించిన చిలగడదుంపో వాడండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ వేసిన కూర ముక్కలు మాత్రం వద్దు, అవి కుక్కలకి విషం.

"సిట్" అంటే కూర్చోకపోతే

నేల చూడండి. నున్నటి గ్రానైట్ మీద వెనక కాళ్లు జారిపోతుంటే కూర్చోవడానికి భయపడుతుంది. గోనెపట్టా పరిచి అడగండి. అప్పటికీ కూర్చోకపోతే, ఇంట్లో ఎవరేమంటున్నారో వినండి. అబ్బాయి "సిట్" అంటాడు, నాన్న "సిట్ డౌన్" అంటాడు, నానమ్మ "కూచోవే" అంటుంది. ఒక్క మాట తేల్చుకుని ఫ్రిజ్ మీద రాసి అంటించండి. నన్నడిగితే నానమ్మ నోటికి తిరిగే మాటే పెట్టమంటాను, పగలంతా పిల్లతో ఉండేది ఆవిడే కదా. ఆ మాట కూడా ఒక్కసారే అని ఆగాలి. ఐదుసార్లు అంటే ఐదోసారికి కూర్చుంటే చాలని నేర్చుకుంటుంది.

పిలుపే చెడిపోయిన పిల్ల

గిన్నె తీశారు, ముక్క బాగుంది, మాట ఒకటే. అయినా రాదు. ఇంకా చెప్పాలంటే, మొదట్లో వచ్చేది, ఇప్పుడు మానేసింది. వచ్చినా చేతికి అందనంత దూరంలో ఆగిపోతుంది. దీన్ని గుర్తుపట్టడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

నా మొదటి లాబ్రడార్‌కి అప్పుడు ఐదు నెలలు. ఓ సాయంత్రం గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి వెళ్లిపోయింది. "రా" అని అరిచాను. ఆగింది, వెనక్కి తిరిగింది. చెవులు వెనక్కి వాలాయి, తోక దిగింది. నా మొహం వైపు చూడలేదు, నా కుడిచేతినే చూస్తోంది. అంతే, అవతలివైపు పరుగు. ఒక ఆటో అడుగు దూరంలో ఆగింది కాబట్టి బతికింది.

ఆ చెయ్యి దాన్ని ఏనాడూ కొట్టలేదు. కానీ ఆదివారం స్నానానికి పిలిచింది నేనే. పిడుదులు ఏరడానికి "రా". చుట్టాలొస్తే గొలుసు కట్టడానికి "రా". హాల్లో ఉచ్చ పోసిన పది నిమిషాలకి పిలిచి తిట్టడానికీ అదే మాట. తిట్టు ఉచ్చకి పడిందని దానికెలా తెలుస్తుంది? తను వచ్చింది, తిట్లు పడ్డాయి. కుక్క మాటకి అర్థం వెతకదు, ఆ మాట తర్వాత ఏం జరిగిందో గుర్తుపెట్టుకుంటుంది.

మీ ఇంట్లోనూ ఇదేనా అని తేల్చుకోవడం తేలికే. గోడకి ఓ కాగితం అంటించండి. ఒక రోజంతా, ఎవరు పిలిచినా, అది వచ్చిన వెంటనే ఏం చేశారో రాయండి. నోట్లోంచి చెప్పు లాక్కోవడం, గదిలో పెట్టి తలుపేయడం కూడా. సాయంత్రం ఆ కాగితం చదివితే కారణం మీకే తెలుస్తుంది.

పాత మాట వదిలేయండి, దాన్ని బాగుచేయడం కంటే కొత్తది నేర్పడం త్వరగా అవుతుంది. "దా దా" అనుకోండి, ఇంతవరకూ వాడని మాటైతే చాలు. మొదటి వారం, అది తనంతట తానే మీ వైపు వస్తున్నప్పుడు రెండడుగుల దూరంలో ఉండగా ఒక్కసారి అనండి. వచ్చాక ఒక చేత్తో మెడ బెల్టు తాకండి, వెంటనే రెండో చేత్తో ముక్క పెట్టండి, వదిలేయండి. ఈ వరస మారకూడదు. తాకిన తర్వాతే ముక్క రావాలి, అప్పుడే చెయ్యి అంటే భయం పోతుంది. వదిలేయడం కూడా ముక్కంత ముఖ్యం. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి ఆటకి పంపాలి. స్నానానికీ మందులకీ గోళ్లకీ పిలవకండి. మీరే నెమ్మదిగా దగ్గరికి వెళ్లి లీష్ తగిలించి తీసుకెళ్లండి.

ఇంట్లో కుదిరాక డాబా మీదికి, ఆ తర్వాత ఖాళీ స్థలంలోకి. అక్కడ ఐదు మీటర్ల నూలు తాడు కట్టి వదలండి, లాగడానికి కాదు, పారిపోకుండా. ఎండాకాలం పొద్దున్నే వెళ్లండి. సిమెంటు మీద మీ అరచెయ్యి ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. పిలిచినా రాలేదంటే మళ్లీ పిలవకండి, వెంటపడకండి. కిందికి కూర్చోండి, లేదా అటు తిరిగి పరుగెత్తండి, అదే వెంటొస్తుంది. ఎంత ఆలస్యంగా వచ్చినా, నోట్లో మీ చెప్పు పట్టుకొచ్చినా, మెచ్చుకోండి. మా లాబ్రడార్‌కి రెండు నెలలు పట్టింది. అంతకంటే చిన్న కుక్కపిల్లల్లో ఇంకా ముందే తేడా కనిపిస్తుంది. ఆరేడు నెలల వయసులో మళ్లీ వినడం మానేస్తే కంగారు పడకండి, ఆ వయసంతే. కొన్నాళ్లు తాడు మళ్లీ కట్టండి. కరెంటు కొట్టే బెల్టులు ఎవరు అమ్మజూపినా కొనకండి, పిలుపుని అంతకంటే పాడుచేసేది లేదు.

అరుదైన కారణాలు

పుట్టు చెవుడు డాల్మేషియన్లలోనూ, పూర్తి తెల్లగా ఉన్న పిల్లల్లోనూ కొన్నిసార్లు ఉంటుంది. నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి తాళాలు ఆడించి చూడండి. చెవి వాసన వస్తూ తల విదిలిస్తుంటే చెవిలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలు ఒక పక్కకి ఒరిగి కూర్చుని, లేవడానికి ఇబ్బంది పడితే తుంటి ఎముకల సంగతి డాక్టరుకి చూపించాలి. ఉన్నట్టుండి డల్ అయిపోయి అన్నం మానేస్తే, అందులోనూ ఒంటి మీద పిడుదులు కనిపిస్తే, నేర్పడం ఆపేసి ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.