పక్షులను చూడటానికి తేలికపాటి ట్రైపాడ్‌ను ఎలా ఎంచుకోవాలి?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఏటా వానలు తగ్గుముఖం పట్టే వేళకు పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి, చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి అంతకు ముందే, తొలకరితో పాటే ఓపెన్‌బిల్ స్టార్క్‌లు చేరుకుంటాయి. వీటిని చూడటానికి మంచి బైనాక్యులర్ కొనుక్కున్నవారు మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు కాని, దానిని కదలకుండా నిలబెట్టే ట్రైపాడ్ గురించి ఆలోచించేవారు తక్కువ. పది రెట్లు పెద్దదిగా చూపించే బైనాక్యులర్ పక్షితో పాటు మన చేతి వణుకును కూడా పది రెట్లు పెంచుతుంది. అదే బైనాక్యులర్‌ను ట్రైపాడ్‌కు బిగించి చూస్తే, పెలికాన్ పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపను అందుకోవడం కూడా తీరిగ్గా, స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పద్ధతిని బాగా సానబెట్టినవారు అమెరికా పశ్చిమ ప్రాంతపు కొండల్లో వేటాడేవారు. కొండవాలున కూర్చుని, ట్రైపాడ్ మీద బైనాక్యులర్ పెట్టుకుని, ఎదుటి లోయను గంటల తరబడి ముక్క తరువాత ముక్కగా గాలించడం వారి అలవాటు. వారిలో కొందరు అదే ట్రైపాడ్ మీద తుపాకిని కూడా ఆనించి కాలుస్తారు కనుక వారికి మందపాటి కాళ్ళు, వెడల్పాటి పైభాగం అవసరమవుతాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మనం వారి నుంచి నేర్చుకోవలసింది ఓపికగా చూసే ఆ పద్ధతినే. తుపాకి అదురును ఓర్చుకోవడానికి చేర్చిన బరువుకు మనం డబ్బు పెట్టనక్కరలేదు, దానిని గట్ల వెంట మోయనక్కరా లేదు.

అయితే బరువు ఎక్కడ తగ్గిందన్నది చూడకుండా, ఎంత తగ్గిందన్నది మాత్రమే చూసి కొంటే నష్టపోతాము. నా మొదటి ట్రైపాడ్ అలాంటిదే. మడిస్తే చేతి సంచిలో పట్టేది, ఎత్తితే బరువే తెలిసేది కాదు. దానిని నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీద నిలబెట్టిన రోజున సముద్రపు గాలికి అది ఎంతగా వణికిందంటే, రెండు గంటలు నిలబడి కూడా ఎదుట వాలిన చిన్న పక్షులలో ఒక్కదానిని గుర్తుపట్టలేకపోయాను.

ముందుగా మీ కంటి ఎత్తు కొలుచుకోండి

కొనడానికి వెళ్ళే ముందు ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడి, నేల నుంచి మీ కంటి వరకు ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలిపించుకోండి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి అది సుమారు 156 సెంటీమీటర్లు ఉంటుంది. ట్రైపాడ్ మీద అమర్చి పరికరాన్ని అటూ ఇటూ తిప్పుకునే హెడ్‌కు, బైనాక్యులర్‌ను పట్టుకునే అడాప్టర్‌కు కలిపి 15 సెంటీమీటర్ల వరకు తీసివేస్తే, కాళ్ళు ఒక్కటే 140 సెంటీమీటర్ల దాకా లేవాలి. ఇది ఎదురుగా, సమతలంగా చూడటానికి సరిపోయే లెక్క. చెట్టు మీది గూటిని చూడాలంటే బైనాక్యులర్ ముందుభాగం పైకి లేచి, మనం కన్ను ఆనించే వెనుకభాగం కిందికి దిగుతుంది కాబట్టి, నడుము వంచకుండా ఉండాలంటే మరో 10 నుంచి 15 సెంటీమీటర్లు అదనంగా కావాలి. తేలినీలాపురంలోనూ తేలుకుంచిలోనూ మనం చూసేవి చెట్ల మీది గూళ్ళే కనుక ఈ అదనపు ఎత్తును తేలికగా తీసుకోకండి. కంటిభాగం పైకి వంగి ఉండే స్పాటింగ్ స్కోప్ (ఒంటికంటితో చూసే చిన్న దూరదర్శిని) వాడేవారికి మాత్రం ఇంత ఎత్తు అవసరం లేదు.

ఈ ఎత్తు మధ్యస్తంభాన్ని, అంటే మూడు కాళ్ళ నడుమ పైకి లేచే గొట్టాన్ని, లేపకుండానే రావాలి. ఇది నేను చాలా గట్టిగా చెప్పదలచిన మాట. మధ్యస్తంభం లేపిన మరుక్షణం మూడు కాళ్ళ స్టాండు కాస్తా మూడు కాళ్ళ మీద నిలిపిన ఒంటి కర్ర అవుతుంది. చాలా తేలికపాటి ట్రైపాడ్‌లు పెట్టె మీద గొప్పగా వేసుకునే ఎత్తు ఆ స్తంభాన్ని పూర్తిగా లేపి కొలిచినదే. అసలు మధ్యస్తంభమే లేనిది, లేదా పొట్టి స్తంభం ఉన్నది దొరికితే ఇంకా మంచిది. అప్పుడు కాళ్ళను బాగా వెడల్పుగా పరచి, నేల మీద కూర్చుని కూడా చూసుకోవచ్చు.

కాళ్ళు, వాటి బిగింపులు

ఒక గొట్టంలో మరొకటి ఇమిడే ఈ కాళ్ళలో ప్రతి భాగమూ దాని పై భాగం కన్నా సుమారు మూడు మిల్లీమీటర్లు సన్నగా ఉంటుంది. పై గొట్టం 28 మిల్లీమీటర్లు ఉండి నాలుగు భాగాలుగా మడిచేదైతే, నేలను తాకే చివరి భాగం సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. పై గొట్టం 25 ఉండి అయిదు భాగాలైతే చివరిది 13 దగ్గరికి దిగిపోతుంది, అంటే మన వేలంత లావు కూడా ఉండదన్నమాట. వణుకు పుట్టేది అక్కడే. నాలుగు భాగాలదైతే మడిచినప్పుడు సుమారు అరమీటరు ఉంటుంది కాబట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకోవడానికీ మోటారు సైకిలుకు కట్టుకోవడానికీ ఇబ్బంది ఉండదు. అయిదు భాగాలదాని వలన మిగిలే కొద్ది అంగుళాల కోసం నిలకడను వదులుకోవద్దని నా అభిప్రాయం.

అల్యూమినియం కన్నా కార్బన్ ఫైబర్ తేలిక, అదురును త్వరగా అణచుకుంటుంది, ఉప్పు గాలికి గొట్టం తుప్పు పట్టదు. ధర మాత్రం చాలా ఎక్కువ. బండకు బలంగా తగిలితే అల్యూమినియం సొట్టపడుతుంది, కార్బన్ పగులుతుంది. ఎక్కువ దూరం నడవనివారికి అల్యూమినియం చాలు. తాటిపూడి జలాశయం చుట్టూ కొండల్లో రోజంతా తిరిగేవారు కార్బన్‌కు డబ్బు పెట్టినా వృథా కాదు. హెడ్‌తో కలిపి రెండు కిలోల లోపు ఉన్నదానిని వెతకండి.

బిగింపులు రెండు రకాలు: తిప్పి బిగించేవి, మీట నొక్కి బిగించేవి. తిప్పేవి నునుపుగా ఉండి దేనికీ తగులుకోవు కాని, భావనపాడు వంటి తీరంలో మరలలోకి ఇసుక చేరితే కరకరమంటాయి. మీట రకంలో బిగింపు పడిందో లేదో కంటికి కనిపిస్తుంది, శుభ్రం చేయడమూ సులువే.

హెడ్

గోళం మీద తిరిగే బాల్ హెడ్ ఫొటోలకు బాగుంటుంది కాని, గాలించి చూడటానికి పనికిరాదు. వదులు చేస్తే బైనాక్యులర్ ఏదో ఒక పక్కకు ఒరిగిపోతుంది. పొడవాటి పిడి ఉండి, అడ్డంగానూ నిలువుగానూ మెత్తగా కదిలే చిన్న ఫ్లూయిడ్ హెడ్ తీసుకోండి. 600 గ్రాముల లోపు దొరుకుతుంది. పరికరాన్ని హెడ్‌కు బిగించే పలక ఆర్కా-స్విస్ రకానిదైతే (చాలా కంపెనీలు పాటించే కొలత ఇది) తరువాత వేరే పరికరాలకూ అదే పనికివస్తుంది. చాలా బైనాక్యులర్‌లకు ముందువైపు, రెండు గొట్టాల నడుమ ఒక చిన్న మూత ఉంటుంది. దానిని తిప్పి తీస్తే లోపల పావు అంగుళం మర కనిపిస్తుంది, అడాప్టర్ బిగించేది అక్కడే. మీ బైనాక్యులర్‌కు ఆ మర ఉందో లేదో కొనే ముందే చూసుకోండి.

దుకాణంలో పరీక్ష

మీ బైనాక్యులర్‌ను వెంట తీసుకువెళ్ళండి. కాళ్ళన్నీ పూర్తిగా చాపించి, పైభాగం మీద రెండు అరచేతులతో నొక్కి, తరువాత నెమ్మదిగా మెలితిప్పండి. కాళ్ళు విల్లులా వంగినా, ఏ బిగింపైనా జారినా దానిని వదిలేయండి. ఆపైన బైనాక్యులర్ బిగించి, వీధి చివరి బోర్డు మీది అక్షరాలను చూస్తూ ఒక కాలిని వేలితో తట్టండి. అక్షరాలు ఒకటి రెండు సెకన్లలో నిలకడకు వస్తే మంచిది, అయిదారు సెకన్లు ఊగుతూనే ఉంటే గాలిలో అది పనికిరాదు. ఇన్ని కిలోలు మోయగలదని పెట్టె మీద వేసిన అంకెను కొంత తగ్గించుకునే నమ్మండి. మీ పరికరం బరువుకు కనీసం రెండింతలు ఉండాలి.

నేల మీద నిలపడం

గట్టి నేల మీద ముందుగా లావు భాగాలను చాపి, సన్న భాగాలను అవసరమైతేనే తీయాలి. సోంపేట బీలలోనో గెడ్డ ఒడ్డునో బురదలో నిలపవలసి వస్తే ఇది తలకిందులవుతుంది: చివరి సన్న భాగాన్ని పూర్తిగా తీస్తే బిగింపు నీటికి పైన ఉండిపోతుంది. వాలు మీద రెండు కాళ్ళు దిగువకు, ఒకటి ఎగువకు ఉండాలి. మెత్తని ఇసుకలో ప్రతి కాలి కింద ఒక కొబ్బరి చిప్పను వెల్లకిలా పెట్టి అందులో కాలు నిలిపితే దిగబడదు. గాలి ఎక్కువైతే కాళ్ళను కురచచేసి కూర్చుని చూడండి. కింది కొక్కేనికి సంచి తగిలిస్తే అది నేలను కొద్దిగా తాకుతూ ఉండాలి, లేకపోతే ఊగి ఊగి స్టాండును కూడా ఊపుతుంది. గూళ్ళున్న చెట్ల మొదట్లో మాత్రం స్టాండు వేయకండి. తల్లి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకూ కాకులకూ చిక్కుతాయి. ట్రైపాడ్ మనకు ఇచ్చే వరమే దూరం.

ఉప్పుమళ్ళ నుంచి, సముద్రతీరం నుంచి ఇంటికి రాగానే కాళ్ళను పూర్తిగా చాపి మంచినీటితో కడిగి, బిగింపులు వదులుచేసి నీడలో ఆరబెట్టండి. మరలకు కొబ్బరినూనె రాసే అలవాటు చాలామందికి ఉంది కాని, దానికి ఇసుక అంటుకుని మరలు అరిగిపోతాయి కనుక రాయవద్దు. తడి పూర్తిగా ఆరిందని చేత్తో తడిమి చూసుకున్న తరువాతే మడిచి సంచిలో పెట్టండి.