నెల్లూరులో ఫ్రెండ్సంతా కలిసి భోంచెయ్యాలంటే

"యాడ తిందాం?" అని వాట్సాప్ గ్రూపులో అడిగారంటే ఇక ఆ పూట తిన్నట్టే. ఒకడు బిరియానీ అంటాడు, ఒకడు మెస్సుకు పోదాం అంటాడు, ఇంకొకడు "మీ ఇష్టం రా, నాకేదైనా ఓకే" అంటాడు, తీరా హోటల్ ముందు బండ్లు ఆపాక "ఇక్కడా? ఇక్కడేం బాగుంటుంది?" అని మొహం మాడ్చుకునేదీ వాడే. మా బ్యాచ్‌లో ఒంగోలు నుంచి ఇద్దరు, కావలి నుంచి ఒకడు, నెల్లూరులో ఉండేవాళ్ళం ముగ్గురం. ఏడాదికి రెండు మూడు సార్లు కలుస్తాం. పదేళ్ళు కొట్టుకోగా కొట్టుకోగా ఇప్పటికి కొంచెం పద్ధతి కుదిరింది.

ముందు అడగాల్సింది ఎక్కడ అని కాదు, ఎవరు ఏం తినరు అని. శనివారం ముట్టని వాళ్ళుంటారు, సోమవారం ముట్టని వాళ్ళుంటారు, కార్తీకమాసం మొత్తం ముట్టని వాళ్ళూ ఉంటారు. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఎవడో ఒకడు అయ్యప్ప మాలలో ఉంటాడు, ఏడాదంతా ఒరేయ్ అని పిలిచినవాణ్ణి అన్నాళ్ళూ స్వామీ అనాల్సిందే. మాలలో ఉన్నవాళ్ళు చాలామంది బయట భోజనమే చెయ్యరు కాబట్టి అప్పుడు సాయంత్రం టీకి కలవండి, గొడవ ఉండదు. మాల కాదు, ఉత్త శాకాహారమే అయితే నెల్లూరులో కోమల విలాస్ పేరు ఎటూ అందరి నోటా వస్తుంది, పెద్దగా ఆలోచించే పని లేదు.

అందరూ తినేవాళ్ళే అయితే చేపల పులుసు. ఇక్కడ మాత్రం క్యాలెండర్ చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. పిల్లలకు సెలవులని హైదరాబాదు, బెంగళూరు వాళ్ళంతా దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు వంజరం ఉందంటే అది ఐసులో ఎన్నాళ్ళు పడుకుందో అడగండి, లేదంటే కొరమీను చెప్పండి, అది సముద్రం చేప కాదు కాబట్టి నిషేధంతో దానికి పని లేదు. పైగా పులుసులోకి పుల్లమామిడికాయ దొరికేదీ ఎండాకాలమే. సంక్రాంతికి వచ్చి "పులుసులో మామిడికాయ లేదేంది?" అని సర్వర్‌తో వాదన పెట్టుకున్న మహానుభావుడు మాలో ఒకడున్నాడు. జనవరిలో కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా, చెట్టు మీద ఉండేది పూతే కదా. ఇంకోటి, పులుసు రాత్రిది అని హోటలువాళ్ళు చెప్తే మొహం చిట్లించకండి, పులుపూ కారం ముక్కకు పట్టాలంటే ఒక రాత్రి ఆగాలి, మన ఇళ్ళల్లో చేసేదీ అదే.

వెళ్ళే ముందు ఫోన్ చెయ్యండి. మూడేళ్ళ కిందట కనుమ నాడు హైవే మీద ఒక హోటల్‌కి, పేరెందుకులే, ఆరుగురం మధ్యాహ్నం రెండింటికి చేరాం. ముప్పావు గంట బయట నిలబెట్టారు. తీరా కూర్చున్నాక పులుసు అయిపోయింది, ఫ్రై ఉంది సార్ అన్నారు. ఆకలి మీద ఉన్నవాళ్ళం హోటలువాణ్ణి వదిలేసి ఒకళ్ళనొకళ్ళం తిట్టుకున్నాం, ఆ చోటు చెప్పినవాడు రెండు నెలలు గ్రూపులో గుడ్‌మార్నింగ్ కూడా పెట్టలేదు. "పులుసు ఉందా నా, ఎన్నింటి దాకా ఉంటుంది?" అని పొద్దున్నే అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు అసలు విషయం. తినే చోటు వేరు, మాట్లాడుకునే చోటు వేరు. మీల్స్ హోటల్లో ఒంటిగంటన్నరకి మన కుర్చీ వెనకాలే ఒక మనిషి నిలబడి, వీళ్ళు పెరుగు ఎప్పుడు కలుపుతారా అని మన విస్తట్లోకే చూస్తుంటాడు, చేతిలో టోకెన్, పక్కన ఇద్దరు పిల్లలు. అక్కడ పాత కాలేజీ కబుర్లు ఏం చెప్పుకుంటాం? గబగబా తిని లేవడమే. కబుర్లకు పొద్దున టిఫిన్ మేలు. ఏడింటికల్లా వెళ్తే ఖాళీగా ఉంటుంది, దోస పెనం మీద కాలుతుండగానే ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి మడిచి తెస్తారు, బయటి ఊళ్ళో ఉండి కారం అలవాటు తప్పినవాడు ఉంటే "ఒకదానికి కారం తగ్గించు నా" అని ముందే చెప్పాలి, లేకపోతే వాడు నీళ్ళు తాగడానికే సరిపోతుంది, మాటలేం ఆడతాడు. కాఫీ రెండోసారి చెప్తే ఇంకో అరగంట ఎవరూ లేపరు. బండ్లుంటే, మధ్యాహ్నం తినేసి మైపాడు బీచికి పోవచ్చు, పాతిక కిలోమీటర్లు లోపే.

చేపతో పాటు మాటలు కూడా కావాలంటే చేపను చూసి ఎంచుకోవాలి. కొరమీనుకు ముళ్ళు తక్కువ, వంజరానికి నడిముల్లు తీసేస్తే దాదాపు అయిపోయినట్టే, వీటితో మాట్లాడుతూ తినొచ్చు. బొచ్చె, శీలావతి అయితే నోరు మూసుకుని తినండి. మాటల్లో పడి గొంతులో ముల్లు ఇరికించుకుని అన్నం ముద్దలు మింగినవాణ్ణి, నేనే.

మాటల సంగతికొస్తే, "ఇంకేంటి?" అని మాత్రం అడగొద్దు. "ఇంకేముంది, అంతే" అంటాడు అవతలివాడు, ఇద్దరూ ఫోన్లు తీస్తారు, అయిపోయింది. జీతం, పెళ్ళి, ప్లాట్ల రేట్లు కూడా వద్దు, అవి ఎవడో ఒకడికి గుచ్చుకుంటాయి. "మీ అమ్మ పులుసులో మెంతిపొడి ముందేస్తదా, దించేముందు వేస్తదా?" అని అడిగి చూడండి, పావుగంటకు తక్కువ కాకుండా చెప్తారు. మా ఒంగోలు వాళ్ళు అల్లూరయ్య మైసూర్‌పాక్ డబ్బాతో దిగుతారు, మేం మలై కాజా పెడతాం, ఏది గొప్ప అన్న తగువు పదేళ్ళుగా తెగలేదు, తెగకూడదు కూడా, అది తెగితే మాకు మాట్లాడుకోవడానికి ఏముంటుంది.

ఒకసారి మాత్రం నోరు జారాం. కావలి వాడికి రొయ్యల చెరువులున్నాయి. కూర్చోగానే ఎవడో "ఏందిరా, ఈసారి పంట ఎట్టా?" అన్నాడు. వాడు అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద మాత్రం నోట్లోకి పోవడం లేదు. చెరువుకు వైరస్ తగిలి రొయ్యపిల్లంతా చచ్చిపోయిందని మాకప్పటికి తెలియదు. ఎవరం ఏమీ అనలేదు, పక్కనున్నవాడు చేప తలకాయ తీసి వాడి విస్తట్లో వేసి "ఇదెప్పుడూ నీదే కదరా" అన్నాడంతే. కాసేపు దాన్ని విడదీసుకుంటూ కూర్చుని, తర్వాత వాడే మెల్లిగా చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి చెరువుల సంగతి వాడు ఎత్తితే తప్ప మేం ఎత్తం.

బిల్లు దగ్గర నేనిస్తానంటే నేనిస్తానని కౌంటర్ ముందు చేతులు పట్టుకుని లాక్కోవడం చూడ్డానికి బాగోదు. పెరుగన్నం దాకా రాగానే చెయ్యి కడుక్కునే వంకతో లేచి, ఎడంచేత్తో స్కాన్ చేసేసి వచ్చి కూర్చోవాలి. నేను ఐదేళ్ళు అట్టాగే నెట్టుకొచ్చాను. మా ఒంగోలు వాడు ఈమధ్య లోపలికి రాగానే కౌంటర్‌లో రెండు వేలు పెట్టేసి, ఆ తర్వాత వచ్చి కూర్చుంటున్నాడు.