గోగునారతో త్రీడీ ప్రింటర్ తీగ: తయారుచేసే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగుకర్రలను చెరువుల్లో ఊరవేసి తీసే నార ఎక్కువగా గోనె సంచులకే పోతుంది. మొక్కజొన్న, చెరకు వంటి పంటల నుంచి తయారయ్యే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో ఆ నారను కలిపి త్రీడీ ప్రింటర్‌కు తీగగా వాడుకోవచ్చు. ఉద్దానం కొబ్బరి పీచు సులువుగా దొరుకుతుంది గాని, అది బాగా సాగుతుందే తప్ప గోగునారంత బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఇవ్వదు.

ముందుగా నారను బెరడు తునకలు, బురద పోయేలా కడిగి చిన్న ముక్కలుగా కత్తిరించాలి. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కాస్టిక్ సోడా కలిపిన ద్రావణంలో రెండు మూడు గంటలు నానబెడితే, నారపై మైనం, జిగురు తొలగి గరుకుదనం వస్తుంది. ప్లాస్టిక్ పట్టు దొరికేది ఆ గరుకుమీదనే. సోడానే నీటిలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. తరువాత కొంచెం వెనిగర్ కలిపిన నీటితో, ఆపై మంచినీటితో, లిట్మస్ కాగితం రంగు మారడం ఆగేవరకు కడగాలి.

అసలు పని ఆరబెట్టడంలో ఉంది. మన తీరపు గాలిలో, అందునా వానాకాలంలో, పొడిగా గలగలలాడే నారలో కూడా బరువులో దాదాపు పదో వంతు తేమ ఉంటుంది. తడిమి చూసి ఆరిందనుకొని నేను మొదటిసారి తీసిన తీగ, కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ దగ్గర చిటపటలాడి, లోపల బుడగలు కట్టి, వంచితే జంతికలా పుటుక్కున విరిగింది. వేడిలో తేమ తగిలితే పీఎల్‌ఏలోని పొడవాటి అణువుల గొలుసులు కూడా తెగిపోతాయి. కాబట్టి నారను ఓవెన్‌లో 80 డిగ్రీల వద్ద ఉంచి, గంటకోసారి తూచి, వరుసగా రెండు తూకాలు సమానమయ్యే వరకు ఆరనివ్వాలి. పీఎల్‌ఏ గుళికలను 50 డిగ్రీల వద్ద విడిగా ఆరబెట్టాలి.

ఆరిన నారను మరపట్టి, 0.2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. మరీ పిండి చేస్తే బిగువు పెరుగుతుందేమో గాని బలం పెరగదు. 475 గ్రాముల పీఎల్‌ఏకు 25 గ్రాముల నార చాలు. ఆశకొద్దీ ఎక్కువ వేస్తే నాజిల్ పూడుకుపోతుంది. ఎక్స్‌ట్రూడర్‌లో (ప్లాస్టిక్‌ను కరిగించి తీగగా తీసే యంత్రం) ఒకసారి తీసిన తీగను ముక్కలు చేసి మళ్లీ తీస్తే నార సమంగా కలుస్తుంది. వేడి 200 డిగ్రీలు దాటితే నార మాడడం మొదలై, తీగ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది.

ప్రింటింగ్‌కు 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల నాజిల్ వాడాలి, 0.4 నాజిల్ తరచుగా మూసుకుపోతుంది. నార పోగులు కరిగిన ప్లాస్టిక్ పారే దిశలోనే వాలుతాయి గనుక, కొక్కెం వంటి వస్తువుకు బరువు పడే దిక్కునే గీతలు పడేలా పడుకోబెట్టి ముద్రించాలి. ఇలా చేసిన వస్తువు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు.