చేతులూపి ఆడే గేములు: తాడు సరే, పాదం ఎక్కడుంది?

మొన్న ఆదివారం నెల్లూరు వేదాయపాళెంలో మా అక్క వాళ్ల టీవీ పగిలింది. 55 అంగుళాలది, కొని నెల కూడా కాలేదు. పగలగొట్టింది మా మేనల్లుడు. వాడికి పన్నెండేళ్లు. ఆడేటప్పుడు చేత్తో పట్టుకుని ఊపే కంట్రోలర్ విసిరేశాడా అంటే లేదు. అది చెయ్యి జారి పోకుండా మణికట్టుకు తాడు వేసుకునే ఉన్నాడు, బిగించుకునే ఉన్నాడు. సెలవులకు వచ్చిన వాళ్ల పెదనాన్న కొడుకుతో టీవీలో టెన్నిస్ గేము మొదలుపెట్టినప్పుడు టీవీకి ఎనిమిది అడుగుల దూరంలో నిలబడ్డాడు. పావుగంట తిరిగేసరికి రెండడుగుల దగ్గరికి వచ్చేశాడు. ఆ సంగతి వాడికీ తెలియదు, చూస్తున్నవాళ్లకీ తెలియదు. చివరి షాట్‌కు పిడికిలి నేరుగా వెళ్లి స్క్రీన్‌కు తగిలింది. వేళ్ల కణుపులు వాచిపోయాయి.

అక్క ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "తాడు వేసుకునే ఉన్నాడు కదరా, మరి ఎట్టా పగిలింది?"

ఒంగోలులో నేను టీవీలు, గేమ్ మెషీన్లు బాగుచేస్తుంటాను. ఎండాకాలం సెలవులకు కన్సోళ్లు వారం, పది రోజుల లెక్కన అద్దెకిస్తాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. తాడు తెగి పగిలిన టీవీలు నా దగ్గరికి ఒకటో రెండో వచ్చి ఉంటాయి. మిగతావన్నీ ముందుకు జరిగి పగలగొట్టినవే. స్కూళ్లు మూసేశారు, పదకొండు దాటితే వడగాలికి గడప దాటలేం, పిలకాయలంతా హాల్లోనే ఉంటారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ ఆటలు వద్దని నేను చెప్పను. మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. బొటనవేళ్లతో తిప్పే రెండు చిన్న కర్రలు, డజను బటన్లు ఉన్న కంట్రోలర్ ఎప్పుడు చేతికిచ్చినా "నావల్ల కాదురా నాయనా" అని పక్కన పెట్టేసేవారు. 2006లో నింటెండో కంపెనీ తెచ్చిన వీ అనే గేమ్ మెషీన్ ఒకటి పాతది నా చేతికొస్తే ఇంటికి తీసుకెళ్లి బౌలింగ్ పెట్టాను. బంతి దొర్లించినట్టు చెయ్యి ఊపితే చాలు. ఆ సాయంత్రం ఆయన వార్తలు కూడా చూడలేదు. ఆ మెషీన్లు ప్రపంచంలో పది కోట్లకు పైగా అమ్ముడుపోయాయంటే కారణం ఇదే. గేములు ఆడనివాళ్ల చేత కూడా ఆడించింది. ఆ తర్వాత 2010లో సోనీ వాళ్లు చేత్తో ఊపే మూవ్ కంట్రోలర్ తెచ్చారు, మైక్రోసాఫ్ట్ వాళ్లు చేతిలో ఏమీ లేకుండా కెమెరా ముందు ఆడే కినెక్ట్ తెచ్చారు. కినెక్ట్ తయారీ 2017లోనే ఆపేశారు. ఇప్పుడు దొరికేవి సెకండ్ హ్యాండ్‌వే.

తాడు

వేసుకోండి. దాని గురించి పెద్దగా చెప్పను, పెట్టె మీదే బొమ్మేసి ఉంటుంది. 2006 డిసెంబర్‌లో నింటెండో దాదాపు 32 లక్షల తాళ్లను ఉచితంగా మార్చి, సన్న తాడు బదులు మందపు తాడు ఇస్తామని ప్రకటించింది. మీ దగ్గర ఉన్నది బాగా పాతదైతే తాడు ఎంత మందం ఉందో ఒకసారి చూసుకోండి.

చోటు

అసలు కథంతా ఇక్కడే. అందరూ దూరం కొలుస్తారు. సోఫా వెనక్కి జరుపుతారు, టీపాయ్ తీసేస్తారు, "చాలా చోటుంది" అంటారు. కానీ వాళ్లు కొలిచింది ఆట మొదలయ్యే ముందు దూరం. ఆట మధ్యలో దూరం ఎవరూ కొలవరు.

మనిషి ఎందుకు జరుగుతాడో చూడండి. బంతి కొట్టేటప్పుడు బరువు ముందుకాలి మీద పడుతుంది. వెనకకాలు దాని వెంట వస్తుంది. నిజం కోర్టులో అయితే లోతుగా వచ్చిన బంతి మనల్ని వెనక్కి నెడుతుంది, ఎదురుగా నెట్ ఉంటుంది, కింద గీత ఉంటుంది. హాల్లో అవేవీ లేవు. స్క్రీన్ మీద బొమ్మే వెనక్కి పరుగెత్తుతుంది, మనం పరుగెత్తం. ఒక్కో షాట్‌కు నాలుగు వేళ్ల మేర జరిగినా ముప్పై షాట్లకు ఎక్కడికొస్తామో లెక్కేసుకోండి. కళ్లు స్క్రీన్‌కు అతుక్కుని ఉంటాయి కాబట్టి అది పెద్దదవుతున్న సంగతి కూడా తెలియదు. బాక్సింగ్ అయితే ఇంకా ఘోరం.

దీనికి మందు చాలా చవక. కాళ్లు తుడుచుకునే మ్యాట్ ఒకటి కింద వేసి, చెప్పులు లేకుండా దాని మీద నిలబడి ఆడండి. కళ్లు చూడకపోయినా పాదానికి తెలుస్తుంది. మెత్తదనం పోయి చల్లటి నేల తగలగానే కాలు దానంతటదే వెనక్కి వస్తుంది. మ్యాట్ టీవీకి ఏడెనిమిది అడుగుల దూరంలో ఉండాలి, ఆట అయిపోయేదాకా పాదం దాని మీదే ఉండాలి.

అయితే ఏ మ్యాట్ పడితే అది పనికిరాదు. చీమకుర్తి మన పక్కనే, గ్రానైట్ నేలకు మన ఇళ్లలో కొదవ లేదు. అద్దంలా మెరుస్తుంది, నాలుగు చెమట చుక్కలు పడితే నూనె పోసినట్టే. గుడ్డ మ్యాట్ దాని మీద మనిషితో సహా జారుతుంది. చాప ఇంకా ప్రమాదం. అడుగున రబ్బరు ఉన్నదే కొనండి. సాక్సులు వేసుకుని ఆడటం అసలే వద్దు.

ఇద్దరు ఆడితే రెండు మ్యాట్లు. ఇద్దరూ పక్కకు చేతులు చాపినా వేళ్లు తగలకూడదు, మధ్యలో ఇంకో మూడడుగులు మిగలాలి.

కినెక్ట్ సంగతి వేరు. ఒకరికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అడుగుల దూరం అడుగుతుంది. దగ్గరికొస్తే కెమెరాకు కాళ్లు కనిపించక ఆట చెడిపోతుంది కాబట్టి టీవీకి కొంత మేలే. కానీ మన పది బై పన్నెండు హాలులో ఆ ఎనిమిది అడుగులు పోతే మిగిలేది సోఫా అంచే. అక్కడ వెనక్కి పడతారు. మ్యాట్ దానికీ కావాలి.

ఊపు

గట్టిగా ఊపితే బంతి దూరం పోతుందని పిలకాయలు నమ్ముతారు. వీ కంట్రోలర్‌లో ఉన్నది వేగం ఎంత మారిందో పసిగట్టే చిప్పు. చెయ్యి గదిలో ఎక్కడుందో దానికి తెలియదు. టెన్నిస్‌లో మణికట్టు చిన్నగా విదిలించినా పాయింటు వస్తుంది. (ఇది కనిపెట్టిన రోజే పిల్లలు సోఫాలో కూర్చుని ఆడటం మొదలుపెడతారు. ఈ ఆటల పెద్ద బలహీనత అదే. వ్యాయామం అని కొన్నవాళ్లకు మిగిలేది మణికట్టు నొప్పే.) 2009లో కంట్రోలర్‌కు తగిలించే మోషన్‌ప్లస్ వచ్చాక, అందులో తిరుగుడు పసిగట్టే జైరోస్కోప్ ఉంది కాబట్టి, చెయ్యి ఎటు తిరిగిందో ఇంకా బాగా తెలుస్తోంది, కానీ దానికీ బలం అక్కర్లేదు. మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా పెట్టి ఆడటం నేర్పండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఫ్యాన్. అయిదున్నర అడుగులు దాటిన కుర్రాడు కంట్రోలర్‌తో చెయ్యెత్తితే ఏడడుగులు దాటిపోతుంది, ఎగిరితే ఇంకా పైకి. ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ ఆపరని నాకు తెలుసు. మ్యాట్‌నే ఫ్యాన్ కింద నుంచి పక్కకు జరపండి.

వెనక ఎవరున్నారో చూడండి. టీవీ పోతే టీవీయే పోతుంది. వెనక్కి తీసిన చెయ్యి టీ గ్లాసులతో వచ్చే అవ్వ కళ్లజోడుకు తగిలితే ఏం చేస్తారు? ఆట నడుస్తుంటే వెనక నుంచి ఎవరూ దాటకూడదు.

పాకే పిల్లలు ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఆడకుండా కూర్చోవాలి. ఫోన్ చూడకుండా.

జంతికలు తిన్న చేత్తో కంట్రోలర్ పట్టుకోవద్దు. భుజం మీద తువ్వాలు ఉండాలి, ప్రతి ఆటకూ అరచెయ్యి తుడుచుకోవాలి.

వీడియో తీసేవాళ్లు ఆడేవాళ్ల ముందుకు రావద్దు.

అరగంట ఆడితే పావుగంట ఆపండి. 2007లో స్పెయిన్‌లో 29 ఏళ్ల ట్రెయినీ డాక్టర్ గంటలకొద్దీ వీ టెన్నిస్ ఆడి, మర్నాడు కుడి భుజం నొప్పితో నిద్రలేచాడు. అది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దాకా ఎక్కింది. డాక్టరుకే తెలియలేదు, మన పిలకాయలకు ఏం తెలుస్తుంది?

అన్నం తిన్న వెంటనే వద్దు.

స్క్రీన్ మీద పాయింటర్ గుర్తు ఎగురుతోందని కంట్రోలర్‌ను కొట్టొద్దు. వీతో వచ్చే, టీవీ మీద పెట్టే బార్‌లో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ లైట్లే, కెమెరా ఉండేది కంట్రోలర్‌లో. టీవీ పక్కన దీపం వెలుగుతున్నా, కిటికీలోంచి ఎండ పడుతున్నా ఆ కెమెరా దాన్ని కూడా బార్‌లోని లైటే అనుకుంటుంది. కర్టెన్ వేయండి, దీపం పూజగదిలో పెట్టండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పాత మెషీన్ అడాప్టర్ మీద ఏం రాసుందో చదవండి. అక్కడి వీ అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే వాసనే మిగులుతుంది. "100-240" అని ఉంటేనే నేరుగా పెట్టాలి.

కళ్లకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ ఉంటే, ఆడే చోటు చుట్టూ హెడ్‌సెట్‌లోనే గీసుకునే హద్దు గీత ప్రతిసారీ కొత్తగా గీయండి. ఆ గీత మీరు చూపిన హద్దు గురించి హెచ్చరిస్తుంది, తర్వాత గదిలోకి వచ్చిన పిల్లాడి గురించి చెబుతుందని నమ్ముకోవద్దు. తల తిరిగితే వెంటనే తీసేయండి. దాన్ని కిటికీ దగ్గర, డాబా మీద, కారులో ఎండకు వదిలేయొద్దు. లెన్సుల మీద ఎండ పడితే లోపలి స్క్రీన్ కాలిపోతుంది. మన ఎండకు ఎక్కువసేపు కూడా పట్టదు.

మెట్ల దగ్గర వద్దు. బాల్కనీలో వద్దు. మంచం మీద నిలబడి అసలు వద్దు.

టీవీని బల్ల అంచున నిలబెట్టి ఉంటే గోడకు బిగించండి.

మధ్యలో నీళ్లు తాగి వచ్చినవాడు కూడా మ్యాట్ మీదికే రావాలి. ఆడుతున్నవాడి పాదం నేల మీద కనిపిస్తే చూస్తున్నవాళ్లు "మ్యాట్" అని అరవాలి. ఆట ఆగినా పర్లేదు.

టీవీ పగిలాక నాకు ఫోన్ చేసి "గ్లాసు మార్చడానికి ఎంత?" అని అడగొద్దు. విడిగా మార్చే గ్లాసు లేదు, ప్యానెలే మార్చాలి. అది దాదాపు కొత్త టీవీ ధర. దెబ్బ తగిలి పగిలితే వారంటీ కూడా రాదు.

ఈ సెలవుల నుంచి నేను అద్దెకిచ్చే ప్రతి కన్సోల్‌తో పాటు రెండు మ్యాట్లు ఇస్తున్నాను. తిరిగి ఇచ్చేటప్పుడు వాటినీ చూస్తాను. మడత విప్పకుండా తెచ్చినవాళ్లకు మళ్లీ అద్దెకివ్వను.