వానల తర్వాత లాక్ పడని బాల్కనీ తలుపు

మాది కొత్తపట్నం, సముద్రం పక్కనే. రెండద్దాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపు పెట్టించి నాలుగేళ్లయింది. మొన్న కార్తీకమాసం వానలు తగ్గాక హ్యాండిల్ పైకెత్తితే లాక్ పడలేదు. బిగించినవాళ్లు తలుపు అంచున కొక్కేలుండే లాక్ పట్టీ మొత్తం మార్చాలన్నారు. నాకు మనసొప్పలేదు.

తలుపు తెరిచి ఉంచి హ్యాండిల్ ఎత్తి చూశాను. హాయిగా లేచింది! అంటే లాక్ బాగానే ఉంది, తలుపే కిందికి జారింది. ఫ్రేములో కొక్కెం దూరే గూడు కింది అంచున కొత్త గీత, గోటికి తగిలేంత లోతుగా ఉంది. జారదా మరి? 5 ఎంఎం అద్దాలు రెండంటే చదరపు మీటరుకు 25 కిలోల బరువు. అదంతా మోసేది బందులే.

తలుపు కింద చెక్కముక్క ఆనించి బరువు తగ్గించాను. బందుల మీది ప్లాస్టిక్ మూతలు తీసి, ఎత్తు సరిచేసే స్క్రూని ఎలెన్ కీతో (ఆరు పలకల వంపు తాళంతో) పావుచుట్టు తిప్పడం, మూసి చూడడం. అన్ని బందులూ సమానంగా తిప్పాలి, తొందర పనికిరాదు. నాలుగోసారికి టక్కున పడింది. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది.

"అబ్బయా, కాస్త కొబ్బరినూనె పొయ్యరాదా" అన్నాడు మా బాబాయి. వద్దన్నాను. ఇక్కడి గాలిలో ఇసుక దానికి అంటుకుని ముద్దవుతుంది. పేరుకున్న ఉప్పుని తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాను.

వంటగది కిటికీ హ్యాండిల్ ఊగుతుంటే మూత జరిపి రెండు స్క్రూలు బిగించాను, అంతే.